చెరపలేని చిట్టా – బ్లాక్‌చెయిన్

బ్లాక్‌చెయిన్ అనగానే చాలామందికి బిట్‌కాయిన్ ఒక్కటే గుర్తుకొస్తుంది. 2009లో బిట్‌కాయిన్‌తోనే అది లోకానికి తెలిసిన మాట నిజమే. కానీ మనలాంటి కుటుంబాలకు డబ్బుతో సమానమైనవి కాగితాలు: కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా, నాన్న పట్టాదారు పాసుపుస్తకం. వాటికి ఈ సాంకేతికత ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకుందాం.

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటి?

ఒక స్టాకు రిజిస్టరును ఊహించుకోండి. ప్రతి పేజీ పైన గత పేజీ మొత్తం రాస్తారు. పాత పేజీలో ఒక్క అంకె దిద్దినా తర్వాతి పేజీలన్నింటిలో లెక్క తేడా వస్తుంది. అదే రిజిస్టరు నకలు వందమంది దగ్గర ఉందనుకోండి. ఒకరు తన పుస్తకంలో దిద్దితే మిగిలిన తొంభై తొమ్మిది పుస్తకాలు అతణ్ణి పట్టిస్తాయి. బ్లాక్‌చెయిన్ పద్ధతి ఇదే. ఇక్కడ పేజీని బ్లాక్ అంటారు. గత పేజీ మొత్తానికి బదులు 'హ్యాష్' అనే సంకేతం ఉంటుంది. సమాచారంలో ఒక్క అక్షరం మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది.

ఎక్కడ వాడారు?

1. భూమి: 2017లో మన రాష్ట్ర ప్రభుత్వం భూ రికార్డుల కోసం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలిసి ప్రయోగం చేపట్టింది.

2. చిట్టీలు: తెలంగాణలో చిట్‌ఫండ్ కంపెనీల లావాదేవీలను నమోదు చేయడానికి 'టి-చిట్స్' ఏర్పాటైంది. పాట ఎవరు పాడారు, ఎంత కట్టారు అన్న వివరాలను తర్వాత మార్చలేరు.

3. ధ్రువపత్రాలు: 2021లో సి.బి.ఎస్.ఇ. మార్కుల పత్రాలకు దీన్ని ప్రవేశపెట్టింది. 2022లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఏటపల్లిలో 65 వేల కుల ధ్రువీకరణ పత్రాలకు ఈ విధానం చేపట్టారు. దొంగ సర్టిఫికెట్‌తో మన సీటు మరొకరు తన్నుకుపోకుండా ఇది అడ్డుపడుతుంది.

ఒక హెచ్చరిక

రాసింది చెరగకుండా బ్లాక్‌చెయిన్ కాపాడుతుంది. రాసింది నిజమో కాదో దానికి తెలియదు. నాన్న భూమి సర్వే నంబరు ముందే తప్పుగా ఎక్కితే ఆ తప్పు కూడా భద్రంగా ఉంటుంది. దాన్ని సరిచేయాల్సింది మళ్లీ మనుషులే.

కనుక సెలవులకు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లోని మీ ఊళ్లకు వెళ్లినప్పుడు మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బి చూసి ఇంట్లో చదివి వినిపించండి. తేడా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇప్పించి రశీదు దాచండి. పదో తరగతి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నామినల్ రోల్స్‌లో మీ పేరు, పుట్టిన తేదీ రెండుసార్లు సరిచూసుకోండి. యంత్రం ఎంత గొప్పదైనా మొదటి గీత సరిగా పడేలా చూసుకోవలసింది మనమే.