రోగము ముదరకముందే: జపాను కర్షకుల వైద్యశాల

పైరునకు తెగులు సోకినదని యనుమానము కలిగినచో రైతు ఆ సాయంకాలమే చేనిలో దిగి ఆకు త్రిప్పి చూచును. తన దేహమున నొప్పి పుట్టినచో మాత్రము “కోతలు కానిమ్ము, చూతము” అనును. కోతలైన పిమ్మట నూర్పిళ్లు, నూర్పిళ్లైన పిమ్మట దాళ్వా. తుదకు పట్టణమునకు మోసికొని పోవువేళకు వ్యాధి ముదురును. ఎడ్లో, అరయెకరమో అమ్ముడుపోవును. ఇట్టి కుటుంబములను మేము పెక్కు గ్రామములలో చూచితిమి. ఈ కష్టము మనకే కలిగినది కాదు. జపాను కర్షకులు దీనికి కనుగొనిన యుపాయమును సభ్యులకు తెలుపుట మా యుద్దేశము.

జపానులో నగానో యను పర్వతప్రాంతము కలదు. అచ్చటి సాకు అను తావున కర్షకుల సంఘము 1944లో ఇరువది పడకల వైద్యశాలను తెరచెను. మరుసటి యేట వకాత్సుకి తోషికాజు అను శస్త్రవైద్యుడు టోక్యోనుండి వచ్చి యందు చేరెను. రోగులు చాల ఆలస్యముగా వచ్చుట ఆయన గమనించెను. కొందరు రోగమున్నదని యెరిగియు పనికిని, ఖర్చునకును వెరచి ఓర్చుకొనుచుండిరి. మరికొందరికి రోగమున్న సంగతియే తెలియకుండెను.

కావున రోగి కొరకు వేచియుండక వైద్యులు, దాదులు తామే గ్రామములకు పోయి పరీక్షలు చేసిరి. ఉపన్యాసమునకు రాని జనులు నాటకమునకు వత్తురని యెరిగి, తామే వేషములు కట్టి ఆరోగ్యవిషయములను ఆడి చూపిరి. పురుగుమందులవలన రైతులకు కలుగు విషబాధలను గూర్చియు ఆ వైద్యశాలలో పరిశోధనలు జరిగినవి.

1959లో సమీపమున నున్న యచిహో గ్రామము మరియొక యడుగు ముందునకు వేసెను. ఏటేట గ్రామస్థులకందరికిని ఆరోగ్యపరీక్ష జరుపు నేర్పాటు చేసెను. ప్రతివానికి ఆరోగ్యపుస్తక మొకటి యిచ్చిరి. గ్రామస్థులనుండియే యెన్నికైన ఆరోగ్యసేవకులు తోడి గ్రామస్థులకు నచ్చజెప్పి పరీక్షలకు రప్పించిరి. ఉప్పులో నూరవేసిన కూరలను మితిమీరి తినుట, చలియిండ్లలో కాపురముండుట రక్తపుపోటును పెంచునని జనులకు తెలియవచ్చెను.

ఇక ఖర్చు సంగతి. 1961నాటికి జపానులో ప్రజలకందరికిని ఆరోగ్యభీమా యేర్పడెను. ఎవరి రాబడినిబట్టి వారు ముందుగా చందా కట్టుదురు. చికిత్సవేళ వ్యయములో కొంతభాగమే చెల్లింతురు. సాకు వైద్యశాలను నేటికిని వ్యవసాయ సహకార సమాఖ్యయే నడపుచున్నది. 2010వ సంవత్సరపు లెక్కలలో ఆయుర్దాయమున నగానో స్త్రీలును పురుషులును జపానుదేశమున ప్రథమస్థానమున నిలిచిరి. ఇది ఒక్క వైద్యశాల ఘనతయే యనము. గ్రామస్థుల శ్రద్ధయు ఇందు చేరియున్నది.

మన రాష్ట్రమునను 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలై, బీదల ఆస్పత్రి వ్యయమును భరించుటకు పూనుకొనెను. అది గొప్ప మేలే. ఐనను ఆస్పత్రి గడప తొక్కినవానికే అట్టి సాయ మందును. ఇంట ఓర్చుకొని పరుండినవానికి అందదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనిన నేమి లాభము?

కావున సభ్యులకు మా మనవి యిది. రాబోవు మహాసభనాడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని పిలిపించి, సంఘపు గోదాము వసారాలోనే సభ్యులకును, వారి యిల్లాండ్రకును రక్తపుపోటు, చక్కెర పరీక్షలు జరిపింపుడు. ఎరువుల లెక్క వ్రాసికొను పుస్తకము మనకు కలదు. దేహపు లెక్కకును ఒక పుస్తకము తెరచుట యెంత పని?