ఐరోపాలో ఒక సెమిస్టర్: ప్రయాణానికి ముందే కుదరవలసిన ఒప్పందం

1987లో ప్రారంభమైన ఎరాస్మస్ కార్యక్రమం క్రింద 2015 నుండి భారతదేశపు విద్యార్థులు కూడా తమ కోర్సులో భాగంగా ఒక సెమిస్టర్‌ను ఐరోపా విశ్వవిద్యాలయాలలో చదివే అవకాశం ఏర్పడినది. ఉభయ విద్యాసంస్థల మధ్య ఒడంబడిక ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది. దరఖాస్తు సొంత కళాశాల ద్వారానే పంపవలసి ఉంటుంది. ఆతిథ్య విశ్వవిద్యాలయానికి బోధన రుసుము చెల్లించనవసరం లేదు.

ఎంపికైన వారు విమానం టికెట్టు కంటే ముందు సిద్ధం చేసుకోవలసినది అధ్యయన ఒప్పందం. అక్కడ చదివే ఏ పాఠ్యాంశం ఇక్కడ దేనికి బదులుగా పరిగణింపబడుతుందో ఇందులో నమోదు చేసి విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకొనే సంస్థ సంతకం చేస్తారు. ఐరోపా విధానంలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు; ఒక్కొక్కటి 25 నుండి 30 గంటల అధ్యయనానికి సమానం. భారతీయ క్రెడిట్లతో ఇవి అంకెకు అంకెగా సరిపోవు. ఈ లెక్క ముందుగా తేలనిచో, అక్కడ ఉత్తీర్ణులైన వారు సైతం ఇక్కడ అవే పరీక్షలు తిరిగి వ్రాయవలసి రావచ్చును. చేరిన పిదప పాఠ్యాంశం మారినచో ఆ మార్పుకు కూడా మూడు పక్షాల ఆమోదం అవసరం. నోటిమాట హామీ చాలదు.

విద్యా సంవత్సరాల తేడా మరొక చిక్కు. జర్మనీ విశ్వవిద్యాలయాలలో శీతాకాల సెమిస్టర్ సాధారణంగా అక్టోబరు నుండి మార్చి వరకు సాగుతుంది. ఇక్కడ తదుపరి సెమిస్టర్ తరచుగా ఆలోపే మొదలవుతుంది. షెంగెన్ స్వల్పకాలిక వీసా 180 రోజులలో 90 రోజులకే పరిమితం కనుక, ఆయా దేశపు దీర్ఘకాలిక వీసాకు ఆహ్వాన పత్రం అందిన వెంటనే దరఖాస్తు చేసుకోవలెను.