అంకె వేసిన కలం

2009లో జర్మనీ కంపెనీ మాంట్‌బ్లాంక్ గాంధీ పేరుతో 241 ఫౌంటెన్ పెన్నులు చేసింది. ఒక్కోదాని ధర పదకొండు లక్షల రూపాయల పైమాటే. దండి యాత్ర 241 మైళ్లు సాగింది కాబట్టి 241 పెన్నులు. పైన చేత్తో చుట్టిన బంగారు తీగ, నూలుకు గుర్తుగా. పాళీ మీద చేతికర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ బొమ్మ. దేశంలో నిరసనలు వచ్చాయి, కేరళ హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2010లో కంపెనీ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. మహాత్ముడి పేరు ఇలా వాడుకోవచ్చా అన్న చర్చే అప్పుడు అంతటా సాగింది. ఆ 241 అన్న అంకె కలానికి ఏం చేస్తుందన్న ప్రశ్న వెనకబడిపోయింది. లిమిటెడ్ ఎడిషన్ పెన్నుల మీద డబ్బు పెట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న అది.

చాలా కంపెనీల్లో అంకెను నిర్ణయించేది పని కాదు, కథ. 1992లో మాంట్‌బ్లాంక్ కళాపోషకుల వరస మొదలుపెట్టి, లొరెంజో ద మెదిచి పేరున తొలి పెన్ను తెచ్చినప్పుడు 4810 మాత్రమే చేసింది. మాంట్ బ్లాంక్ పర్వతం ఎత్తు మీటర్లలో అది. ఆ కంపెనీ పాళీల మీద కూడా ఈ అంకె కనిపిస్తుంది. 4811వ పెన్ను చేయడానికి యంత్రానికి గానీ పనివాడికి గానీ అడ్డేమీ లేదు. అదే ఏడాది హెమింగ్వేతో రచయితల వరస మొదలైంది. మరుసటి ఏడు అగాథా క్రిస్టీ పెన్ను వచ్చింది, క్లిప్పు స్థానంలో వెండి పాముతో. ఈ వరసలో పెన్నులు వేల సంఖ్యలో వచ్చాయి. 1996లో అలెగ్జాండర్ డ్యూమా పెన్ను చేసినప్పుడు కొన్నిటి మీద తండ్రి సంతకం ఉండాల్సిన చోట కొడుకు సంతకం పడింది. ఇద్దరి పేరూ ఒకటే, ఇద్దరూ రచయితలే. ఆ పెన్ను అమ్మకానికి వస్తే సేకర్తలు ఇప్పటికీ ముందు సంతకం ఎవరిదో చూస్తారు.

ముడిసరుకు నుంచి పుట్టిన పెన్నులూ ఉన్నాయి. 1715లో ఫ్లోరిడా తీరంలో తుపానుకు మునిగిన స్పెయిన్ నౌకల నుంచి బయటికి తీసిన వెండితో 1965లో పార్కర్ కంపెనీ 4,821 పెన్నులు చేసింది. అప్పటికే బజారులో ఉన్న పార్కర్ 75 నమూనానే అది. మామూలు 75 ఖరీదు 25 డాలర్లయితే దీనికి 75 డాలర్లు పెట్టారు. ఈనాటి లిమిటెడ్ ఎడిషన్లకు దారి వేసింది ఈ పెన్నే అని సేకర్తలు చెబుతారు. ఆ వెండి నిజంగా ఎక్కడో ఉండి, ఏదో అయి వచ్చింది కాబట్టి నాకు ఇందులో ఒక న్యాయం కనిపిస్తుంది.

నేను ఎక్కువ గౌరవించేది మాత్రం చేయి విధించిన హద్దును. జపాన్‌లో నమికి కంపెనీ (ఇప్పటి పైలట్) చేసే మాకి-ఎ పెన్నులు, అంటే లక్క మీద బంగారు పొడి చల్లి బొమ్మలు వేసినవి, అలాంటివి. వాటి కథ ఒక చిన్న ఇబ్బందితో మొదలైంది. ఆ రోజుల్లో పెన్ను ఒళ్లు ఎబొనైట్‌తో చేసేవారు, అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరుతో. ఎండా వెలుతురూ తగిలితే దాని నలుపు వెలిసిపోయి గోధుమరంగు తేలుతుంది. దాన్ని కాపాడటానికి 1920లలో ఉరుషి అనే లక్క పూయడం మొదలుపెట్టారు. ఒక చెట్టుకు గాట్లు పెట్టి తీసే జిగురు పాలు అవి. పూత పట్టాక బొమ్మలు వేయించడం ఎంతో దూరం లేదు. 1930లో ఇంగ్లండ్‌కి చెందిన డన్‌హిల్ కంపెనీతో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది కళాకారులతో కొక్కోకై అనే బృందం ఏర్పడింది.

ఉరుషి మనం అనుకున్నట్టు ఎండలో పెడితే ఆరదు. గాలిలో తేమ ఉంటేనే అందులోని ఎంజైము పనిచేసి గట్టిపడుతుంది. అందుకే పూత పూసి, తేమ నింపిన బీరువాలో పెట్టి, గట్టిపడ్డాక బొగ్గుతో అరగదీసి, మళ్లీ పూస్తారు. బొమ్మ గీసిన లక్క తడిగా ఉండగానే దాని మీద బంగారు పొడి చల్లుతారు, పైన ఇంకో పూత వేస్తారు, కింది బంగారం బయటపడేదాకా సానపడతారు. ఒక్క పెన్నుకు నెలలు పడుతుంది. చివర కళాకారుడు తన గుర్తు వేస్తాడు. ఇలాంటి పెన్నులు కొద్దిగానే వస్తాయని కంపెనీ ప్రకటించినా ప్రకటించకపోయినా వచ్చేవి కొద్దే. ఇంకో విశేషం, ఉరుషి ఏళ్లు గడిచేకొద్దీ మరింత పారదర్శకమై లోపలి రంగు తేటపడుతుంది. కొన్న రోజుకన్నా పదేళ్ల తర్వాత అందంగా కనిపించే వస్తువులు ఎన్ని ఉన్నాయి?

అంకె లేకుండానే అరుదైన కలాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. రాజమండ్రిలో రత్నం పెన్నులు 1932 నుంచి తయారవుతున్నాయి. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పుతూ, పనివాడి కన్ను, వేళ్ల అంచనాతో చెక్కే పెన్నులివి. రెండు పెన్నులు ముమ్మూర్తులా ఒకేలా ఉండవు, అయినా వాటి మీద ఎవరూ అంకె చెక్కరు. కె.వి. రత్నంగారు స్వదేశీ కలం చేయాలన్న పట్టుదలతో చేసిన పెన్ను గాంధీకి అందింది. 1935లో ఆయన కృతజ్ఞత చెబుతూ రాసిన ఉత్తరంలో, దాన్ని వాడానని, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే ఉందనిపిస్తోందని అన్నారు. బంగారు తీగ చుట్టిన 241 పెన్నుల్లో ఎన్నిటిలో ఇంకు పోశారో మనకు తెలిసే వీలు లేదు. రత్నంగారి పెన్నులో మాత్రం పోశారు. ఒక కలం గురించి మనిషి ఇవ్వగల ధ్రువపత్రం వాడి చూసి ఇచ్చినదే అని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే లిమిటెడ్ ఎడిషన్‌లో మారేది ఎక్కువగా ఒళ్లు. రాసే భాగం చాలాసార్లు అదే కంపెనీ మామూలు పెన్నుదే, పైన చెక్కడం ఒక్కటే వేరు. పాళీ బంగారంతో చేయడానికి మొదటి కారణం ఆడంబరం కాదు. పాతకాలపు ఇంకుల్లో ఆమ్లం ఉండి ఉక్కును తినేసేది, బంగారాన్ని ఏమీ చేయలేకపోయేది. 585 అని ఉంటే 14 క్యారట్లు, 750 అని ఉంటే 18. క్యారట్లు పెరిగితే రాత మెత్తబడుతుందన్న మాట నమ్మక్కర్లేదు. పాళీ మందం, వంపు, భుజాల వెడల్పు దాన్ని నిర్ణయిస్తాయి. కాగితానికి తగిలేది బంగారం అసలే కాదు; ఆస్మియం, రుథేనియం లాంటి గట్టి లోహాల చిన్న బుడిపె. ఆ బుడిపెను సానపట్టిన తీరులోనే రాత ఉంటుంది.

పాళీ కింద ఉండే నాలుకను కూడా గౌరవించాలి. ఇంకు సన్నటి గాడి వెంట కేశనాళికల్లోలాగా దిగుతుంది. దిగినంత మేర గాలి వెనక్కి పోవాలి. 1884లో వాటర్‌మన్ అనే వ్యక్తి పేటెంటు తీసుకున్నది ఈ రాకపోకలను అదుపు చేసే నాలుకకే. అంతకు ముందు పెన్నులు కాగితం మీద చుక్కలు కక్కేవి. లక్షల రూపాయల పెన్ను కూడా ఇక్కడ తేడా వస్తే రాయదు.

వాడని పెన్నుకు బజారులో ధర ఎక్కువ. పెట్టె, కాగితాలు, మూత మీది అంకెతో కలిసే ధ్రువపత్రం, ఇంకు తగలని పాళీ, ఇవన్నీ ఉంటే కొనేవాడు ఎక్కువ ఇస్తాడు. యజమాని పేరు చెక్కించుకుంటే తగ్గుతుంది. అమ్మే ఉద్దేశంతో కొన్నవాళ్ల లెక్క అది, తప్పు పట్టలేం. కానీ దాచిపెడితే పెన్ను క్షేమంగా ఉంటుందనుకోవడం పొరపాటు. సెల్యులాయిడ్ పెన్ను గాలి ఆడని పెట్టెలో ఉంటే దాని నుంచి వచ్చే ఆమ్ల వాయువులు దాన్నే, పక్కనున్న లోహపు కట్లనూ తింటాయి. పాత పెన్నుల్లో రబ్బరు సంచి గట్టిపడి పెళుసవుతుంది, పిస్టన్ బెండు ఎండి కుంచించుకుపోతుంది. వెలుతురులో పెట్టిన ఎబొనైట్ సంగతి ముందే చెప్పాను. ఇన్ని జాగ్రత్తలు ఎలాగూ తప్పనప్పుడు రాసుకోవడమే మేలని నేను అంటాను.

రాయడం మొదలుపెడితే నియమాలు కొన్నే. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు ఎప్పుడూ పోయకూడదు. అందులోని లక్క, మసి నాలుకలో గడ్డకట్టి మళ్లీ రావు. ఖరీదైన పెన్నుకు నీళ్లతో సులువుగా కడిగిపోయే నీలం ఇంకు మంచిది. తళుకుపొడి కలిపిన ఇంకులు, నీటికి చెదరని పిగ్మెంటు ఇంకులు చవక పెన్నుల్లో పోసుకోవచ్చు. కొన్ని రోజులు వాడరని తెలిస్తే ఇంకు తీసేసి చన్నీళ్లతో కడగాలి. వేడినీళ్లు వద్దు, ఎబొనైట్ రంగు అక్కడే పోతుంది. డ్రాపర్‌తో ఇంకు పోసే పెన్నును అట్టడుగుదాకా వాడకుండా మళ్లీ నింపుకోవాలి. లోపల గాలి ఎక్కువై, చేతి వేడికి వ్యాకోచించి, ఇంకును పాళీ మీదికి తోస్తుంది.

తెలుగు రాసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. లిమిటెడ్ ఎడిషన్లు చాలావరకు మీడియం పాళీతో అమ్ముతారు. లావు పాళీతో రాస్తే మన తలకట్లూ సున్నలూ బాగానే వస్తాయి గానీ, గుడిదీర్ఘం, కింది ఒత్తుల గుండ్రాలు ఇంకుతో పూడిపోతాయి. జపాన్ పాళీలు ఐరోపా వాటికన్నా ఒక మెట్టు సన్నగా గీస్తాయి కాబట్టి పేరులో మీడియం అని ఉన్నా తెలుగుకు నప్పుతాయి. కొన్ని కంపెనీలు కొన్న కొత్తలో పాళీ మార్చి ఇస్తాయి. ఆ గడువు ఎంతో డబ్బు కట్టే ముందే అడగాలి. దుకాణంలో పెన్ను పరీక్షించడానికి సంతకం పనికిరాదు, చేయి అలవాటుగా లాగేస్తుంది. అడగగానే ఇంకు ముంచి ఇచ్చే దుకాణమైతే, మామూలు నోటుపుస్తకం కాగితం మీద లక్ష్మి, స్వాతంత్ర్యం, ఉష్ట్రం అని మీ మామూలు అక్షరాల సైజులో నెమ్మదిగా రాసి, ఒత్తుల మధ్య తెలుపు మిగిలిందో లేదో చూడండి.