చనుమొన నొప్పి ఎందుకు?

బిడ్డ పాలు తాగేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి. అందుకే కొందరు తల్లులు డబ్బా పాలకు దిగుతారు. బిడ్డ చీకకపోతే రొమ్ములో పాలు తగ్గిపోతాయి.

అమ్మా, ఈ నొప్పి దిష్టి వల్ల కాదు. మీ పాలు చెడ్డవీ కావు. బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుని చీకితే అది నలుగుతుంది, చీలుతుంది. చుట్టూ ఉన్న నల్లభాగం కూడా నోట్లోకి పోవాలి. బిడ్డ పొట్టను మీ పొట్టకు ఆనించండి. నోరు పెద్దగా తెరిచాక దగ్గరకు తీసుకోండి. నొప్పి పుడితే లాగకండి. బిడ్డ నోటి మూలలో శుభ్రమైన వేలు పెట్టి విడిపించండి. మళ్లీ పట్టించండి.

నంబులపూలకుంటలో శనక్కాయ చేనికి పోయి సాయంత్రం వస్తే రొమ్ము గట్టిపడి ఉంటుంది. బిడ్డకు అందదు. ముందు చేత్తో కాస్త పాలు పిండండి. మెత్తబడుతుంది.

పాలిచ్చాక రెండు చుక్కల పాలు చనుమొనకు రాసి ఆరనివ్వండి. సబ్బు వద్దు. ఆయుర్వేదంలో 100 సార్లు నీళ్లతో కడిగిన నెయ్యి ఉంది. శతధౌత ఘృతం అంటారు. పగిలిన చర్మానికి రాస్తారు. అది రాస్తే, పాలిచ్చే ముందు తుడిచేయండి. తేనె మాత్రం రాయకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం. ఈ మాట అత్తగారికి కూడా చదివి వినిపించండి.

జ్వరం వచ్చి రొమ్ము ఎర్రబడినా, బిడ్డ నోట్లో తెల్లమచ్చలు కనిపించినా ఇంటి వైద్యం చాలదు. ఆశా కార్యకర్తకు చెప్పండి. కదిరి ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. అప్పుడు కూడా పాలు మాన్పకండి. పాలు లోపలే నిలిచిపోతే వాపు ఇంకా పెరుగుతుంది.