గడప నెరిగినవాడు

దొంగ యనగానే మనకు తోచు రూపమొకటి కలదు. ముఖమునకు గుడ్డ కట్టుకొని, అమావాస్య చీకటిలో, ఎక్కడినుండియో వచ్చువాడు. మన ఊరివాడు మాత్రము కాడు. ఈ రూపమును ప్రభుత్వములును నమ్మినవి. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసి, 1911లో దానిని మద్రాసు రాజధానికి విస్తరింపజేసెను. పుట్టిన కులమే నేరమునకు సాక్ష్యమయ్యెను. ఎరుకల మొదలగువారి వ్రేలిముద్రలు తీసికొని, హాజరు పిలిచి, సెటిల్మెంట్లలో ఉంచిరి. అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు ప్రాంతమున సిద్ధాపురము అట్టిదే. 1952లో చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, మచ్చ అంత త్వరగా పోలేదు.

ఆ కావలి యంతయు తప్పు దిక్కున నిలిచిన కావలి. పిల్లల సంగతియే చూతము. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన పరిశీలనలో, ఆంధ్రప్రదేశముతో సహా 13 రాష్ట్రములకు చెందిన 12,447 మంది బాలబాలికలను ప్రశ్నించిరి. వారిలో నూటికి 53 మంది ఏదో యొక విధమైన లైంగిక వేధింపునకు గురియైనట్లు చెప్పిరి. ఆ పని చేసినవారిలో సగముమంది బిడ్డ ఎరిగినవారు, లేక బిడ్డ బాధ్యత వహించినవారు. పెక్కుమంది పిల్లలు అంతకుముందు ఎవరికిని చెప్పియుండలేదు.

అట్టివాడు మొదట బిడ్డను గాక పెద్దలను గెలుచుకొనును. వరుస కలుపును, రేషను తెచ్చిపెట్టును, బిడ్డను బడికడ దింపును. తరువాత చిన్న రహస్యమొకటి: "ఈ రూపాయి ఇచ్చినానని అమ్మకు చెప్పవద్దు." అది పరీక్ష. బిడ్డ చెప్పలేదని తేలిన పిమ్మట పెద్ద రహస్యము వచ్చును. "ఆయన ఇంటికి నేను పోను" అని బిడ్డ మొరాయించినచో, పెద్దలను అట్లనరాదని మనమే గద్దింతుము.

మన సీమలో దీనికి మరియొక చిక్కు కలదు. కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవును. కడప ప్రాంతమునుండి తల్లులు కువైటునకు పోయి పనిచేయుదురు. బిడ్డ అవ్వ కడనో, పిన్నమ్మ ఇంటనో ఉండును. ఇట్టి చుట్టములలో అత్యధికులు ప్రాణము పెట్టి పెంచువారే. కాని కీడు జరిగినచోట బిడ్డ చెప్పుకొనదగిన మనిషి ఆ ఇంటి అన్నము తినుచున్నదే యగును. తల్లితో ఫోనున మాటలాడునప్పుడు ప్రక్కన ఎవరో ఒకరుందురు. తల్లి ఫోను చేసినపుడు బిడ్డను కొంతసేపు ఒంటరిగా మాటలాడనిచ్చుట చిన్న పనియే, చేయువారు తక్కువ.

2012 నాటి పోక్సో చట్టము ఈ గడపలోపలి నేరమును గుర్తించినది. బంధువు, ఉపాధ్యాయుడు, నమ్మకపు స్థానమున నున్నవాడు చేసినచో శిక్ష హెచ్చు. తెలిసియు తెలుపకుండుట నేరము. బిడ్డ పేరు పత్రికలలో రాకూడదు. వాంగ్మూలమును బిడ్డ ఇంటనో, బిడ్డ కోరినచోటనో తీసికొనవలెను; వచ్చు అధికారి పోలీసు దుస్తులలో ఉండరాదు. పిల్లల సహాయమునకు 1098 సంఖ్యకు ఏ ఫోనునుండియైనను పైకము లేకయే పిలువవచ్చును, బిడ్డయే పిలిచినను సరే.