మళ్ళీ ఒళ్ళు చేస్తే తప్పెవరిది?

"అంత డబ్బు పోసి ఆపరేషన్ చేయించుకుంది, మళ్ళీ ఒళ్ళు చేసింది చూడు!"

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ మధ్య ఈ మాట తరచుగా వినిపిస్తోంది. అన్నవాళ్ళు మరుక్షణమే మరిచిపోతారు. విన్నావిడకు మాత్రం ఆ పూట అన్నం సయించదు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఫొటోకి రమ్మంటే వెనక వరసలోకి జారుకుంటుంది.

రెండేళ్ళుగా నేనూ ఈ మాట వింటున్నాను. బరువు తగ్గడానికి ఏడేళ్ళ క్రితం నాకు స్లీవ్ ఆపరేషన్ జరిగింది. అప్పుడు 112 కిలోలు. ఏడాదిన్నరకి 72కి దిగాను. మూడేళ్ళపాటు ముల్లు అక్కడక్కడే తిరిగింది. ఇప్పుడు 84. మాత్రలు మానలేదు, నడక మానలేదు. మరి ఈ 12 కిలోలూ ఎక్కడి నుంచి వచ్చినట్టు? జవాబు వెతుక్కుంటూ డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు నాలాంటి మరికొందరికి పనికొస్తాయని రాస్తున్నాను.

ఆపరేషన్‌లో జరిగేదేమిటి?

కడుపులోంచి కొవ్వు తీసేస్తారని చాలామంది అనుకుంటారు. అది వేరే ఆపరేషన్. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచీలా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు.

తిండి తక్కువ పట్టడం ఒక్కటే దీని ఫలితం కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే ఆ భాగంలోనే. "ఇక చాలు" అని మెదడుకు కబురుపెట్టే పేగుల హార్మోన్లు కూడా ఆపరేషన్ తరువాత పెరుగుతాయి. అందుకే మొదటి ఏడాది ఆకలన్న మాటే మరిచిపోతాం. ఒక ఇడ్లీ తినేసరికి నాకు కడుపు నిండిపోయేది. ఆ రోజుల్లో అందరూ "ఎంత కంట్రోలమ్మా నీకు!" అని మెచ్చుకునేవారు. అందులో నా గొప్ప కొంతే. హార్మోన్ల గొప్ప చాలా ఉంది. తగ్గినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు. పెరిగినప్పుడు మాత్రం నింద మొత్తం మనిషిదే!

శరీరం ఊరుకోదు

బరువు తగ్గితే మనకు సంతోషం. శరీరం మాత్రం కరువొచ్చిందనుకుంటుంది. ఉన్నదాన్ని కాపాడుకోవాలని ఖర్చు తగ్గించి, ఆకలి పెంచుతుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీతో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ కార్యక్రమం వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ శరీరాలు ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే ఇంచుమించు ఒక పూట టిఫిను! వాళ్ళు తగ్గింది ఆపరేషన్‌తో కాదు, కఠినమైన పథ్యంతో, వ్యాయామంతో. ఆపరేషన్ అయినవాళ్ళకు హార్మోన్ల అండ ఉంటుంది. అయితే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అండ కొందరిలో సడలుతుంది. మిగిలిన జీర్ణాశయం కాస్త సాగవచ్చు. వయసు, నిద్రలేమి, థైరాయిడ్, స్టెరాయిడ్ల వంటి మందులు, మనసులోని దిగులు కూడా తలా ఒక చెయ్యి వేస్తాయి.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి 2,000 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళయ్యేసరికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. పద్ధతి ఏదైనా తీరు అదే: బాగా తగ్గడం, కొంత తిరిగి రావడం, ఒకచోట ఆగడం. అయినా ఆపరేషన్ లేకుండా మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే వీళ్ళలో మరణాలు తక్కువే.

ఈ లెక్క చదివాక నా లెక్క వేసుకున్నాను. 112 నుంచి 84కి అంటే ఇప్పటికీ 28 కిలోలు తక్కువ. సరిగ్గా 25 శాతం! మెట్లెక్కితే ఆయాసం లేదు, మోకాళ్ళు మొరాయించడం లేదు. వచ్చిన 12 కిలోలు అందరికీ కనిపిస్తాయి. రాని 28 కిలోల సంగతి ఎవరూ ఎత్తరు.

సిగ్గు చేసే చేటు

అసలు ప్రమాదం ఆ 12 కిలోల్లో కంటే మన సిగ్గులో ఎక్కువుంది. నాకు తెలిసిన ఒకావిడ బరువు పెరిగిందని మొహం చెల్లక ఏటేటా చేయించుకోవలసిన పరీక్షలు మానేసింది. తూకం చూసే అమ్మాయి "మళ్ళీ పెంచేశారేంటి మేడం?" అందట. మరి ఆ గుమ్మం తొక్కలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోయేసరికి మాత్రలూ ఆగిపోయాయి. కొన్నాళ్ళకు అరికాళ్ళలో తిమ్మిర్లు, నడిస్తే తూలడం. చివరికి చూస్తే బి12 బాగా పడిపోయింది. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతినేవే. బరువు పెరిగినా పెరగకపోయినా, ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్లు చూపించుకోవడం జీవితాంతం తప్పదు.

షుగర్ మాత్ర మోతాదు పెంచాల్సి వస్తే ఆ మనిషిని ఎవరైనా నిలదీస్తున్నారా? స్థూలకాయం కూడా అలాంటి దీర్ఘకాల జబ్బే. అదుపు తప్పితే మళ్ళీ వైద్యం చేయించుకోవాలి. అంతే!

ఏం చేయాలి?

ఇల్లు అలకగానే పండగ కాదన్నారు పెద్దలు. ముల్లు మూడు నాలుగు కిలోలు పైకి జరిగినప్పుడే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పాలి. రక్త పరీక్షలు, అవసరమైతే ఎండోస్కోపీ చేసి కారణం చూస్తారు.

కంచంలో వరస మార్చుకోవాలి. మనకి అన్నం ముందు, కూర దానికి తోడు. మనలాంటివాళ్ళు ముందు గుడ్డో, చేపో, గట్టి పప్పో, గుగ్గిళ్ళో తిని, ఆ తరువాతే అన్నం ముట్టాలి. మాంసకృత్తులు సాధారణంగా రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదంటారు. గుడ్డులో ఉండేవి ఆరు గ్రాములే కాబట్టి, ప్రతి పూటా కాస్త చూసుకుంటే తప్ప ఆ లెక్క అందదు. మంచినీళ్ళు భోజనంతో పాటు కాకుండా అరగంట ఆగి తాగాలి. బిస్కెట్లు, జంతికలు, పాలలో కలుపుకునే తీపి పొడులు, ఐస్‌క్రీములు చిన్న కడుపులోంచి కూడా సులువుగా జారిపోతాయి. పిల్లలు వదిలేసిన ముద్దలు, "పారేయడమెందుకు" అని తినే మిగుళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి మరి!

నడకతో పాటు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టినా చాలు.

వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించడం కోసం 2025లో మన దేశంలోకి వచ్చాయి. ఇవి పేగుల హార్మోన్లలాగే పనిచేస్తాయి. ఆపరేషన్ తరువాత పెరిగిన బరువుకు కూడా కొందరు డాక్టర్లు వీటిని రాస్తున్నారు. మానేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పక్కింటావిడకు పనిచేసిందని కొనుక్కునే మందు కాదిది. రెండో ఆపరేషన్ కూడా ఉంది గాని, మొదటిదానికంటే ప్రమాదం ఎక్కువ కనుక అది ఆఖరి మెట్టు.

ఇంట్లోవాళ్ళకో మాట

మా అత్తయ్యగారు ఇప్పుడు "ఇంకొంచెం వేసుకో" అనడం మానేశారు. "అంత తింటావా" అనడం కూడా మానేశారు. పండక్కి బూరెలు వండితే ఒకటి నా కంచంలో వేసి, ఊరుకుంటారు. ఈ రెండు మాటలూ వినపడని ఇంట్లో సగం వైద్యం జరిగినట్టే.

ఈసారి పెళ్ళిలో ఎవరైనా "మళ్ళీ ఒళ్ళు చేశావే" అంటే తల దించుకోకండి. "అవును పిన్నీ, వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళుతున్నాను" అనండి. ఆ మాట అన్నాక వెళ్ళడం మాత్రం మరిచిపోకండి.