ముప్పయ్యవ పూస

బడికి పోయే తొందరలో బూటులో కాలు పెట్టబోతే, "ముందు దులిపి తొడుక్కో!" అని అమ్మ కేక వెయ్యటం మీలో చాలామంది ఎరుగుదురు. రాళ్లకింద, పాత పెంకుల మధ్య, కట్టెల గుట్టలో, ఒక్కోసారి బూటులో కూడా తేలు దాగి వుంటుంది.

నల్లగా, జానెడు పొడుగున వుండే మండ్రగబ్బను చూస్తే అందరికీ హడలే. కాని మన దేశంలో ఎక్కువగా భయపడవలసింది దానికి కాదు. రెండు మూడు అంగుళాలే వుండే ఎర్ర తేలుకు. మండ్రగబ్బకు లావైన డెక్కలున్నవి, వాటితోనే ఎరను నలిపెయ్యగలదు. ఎర్ర తేలు డెక్కలు సన్నం, తోక లావు. దాని బలమంతా కొండిలోని విషమే.

ఆ విషం ఎంత పని చేస్తుందో మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతపు పల్లెల్లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ కళ్లారా చూశారు. ఎర్ర తేలు కుట్టిన పిల్లలకు ఒళ్లంతా చెమటలు పట్టేవి, చేతులూ కాళ్లూ చల్లబడేవి, గుండె తడబడేది, వూపిరితిత్తుల్లో నీరు చేరేది. విషం తీవ్రంగా ఎక్కినవారిలో నూటికి 30 మందికి పైగా చనిపోతూ వుండేవారు. రక్తపు పోటుకు వాడే ప్రజోసిన్ అనే మందును 1980లలో ఆయన వీరికి ఇచ్చి చూశారు. చావులు నూటికి మూడు దాకా తగ్గిపోయినవి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. (పెద్దలకు ఒక మాట: ఇది ఇంట్లో వేసుకొనే మందు కాదు. తేలు కుట్టిన పిల్లవాణ్ణి మంత్రగాడి ముందు కూచోబెట్టి పొద్దు పుచ్చక, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.)

ఈ మందును కనిపెట్టటానికి కంప్యూటర్లేమీ అవసరం కాలేదు. రోగి మంచం పక్కన రాత్రంతా కూచున్న ఒక డాక్టరు చాలు. కాని ఆ విషంలో ఏమున్నదో, అది ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుందో తెలియాలంటే విషాన్ని అక్షరం అక్షరంగా చదవాలి. చదవటమంటే నిజంగా చదవటమే! ఎట్లాగో చూడండి.

తేలు విషం ఒకే పదార్థం కాదు. దానిలో రకరకాల చిన్న ప్రొటీనులు ఎన్నో కలిసి వుంటవి. ప్రొటీను అంటే పూసలదండ వంటిది. ఆ పూసలను అమినో ఆమ్లాలంటారు. అవి ఇరవై రకాలు. ఏ పూస తరవాత ఏ పూస వస్తుందన్న దాన్ని బట్టి దండ తనంతట తానే మడతపడి ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టి దాని పని వుంటుంది.

ఇక ఈ దండలు చేసే పని. మన నరాల్లో వార్తలు విద్యుత్తు రూపంలో పోతవి. నరపు కణం గోడలో అతి చిన్న తలుపులున్నవి. కొన్నిటిగుండా సోడియం లోపలికి వస్తుంది, అప్పుడు వార్త సాగుతుంది. మరి కొన్నిటిగుండా పొటాషియం బయటికి పోతుంది, అప్పుడు నరం శాంతిస్తుంది. ఇదంతా క్షణంలో వెయ్యో వంతు కాలంలో జరిగే వ్యవహారం. ఎర్ర తేలు విషంలో ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా సోడియం తలుపులు మూసుకోకుండా పట్టి వుంచే దండలు. వాటిలో అరవైకి పైగా పూసలుంటవి. ఇవి కాక, పొటాషియం తలుపులకు బిరడా బిగించే పొట్టి దండలు కూడా వున్నవి. మన కథ ఈ పొట్టివాటిది.

ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల్లో పసుపుపచ్చని తేలు ఒకటున్నది. దాని విషంలో పొటాషియం తలుపును మూసే దండ వున్నదని 1985లో వెల్లడి అయింది. గ్రీకుల కథల్లో ఓడలను మింగే సుడిగుండం ఖారిబ్డిస్ పేరిట దానికి ఖారిబ్డోటాక్సిన్ అని పేరు పెట్టారు. 1990లో మన ఎర్ర తేలు విషంలోనుంచి అటువంటిదే మరొకటి తీశారు. దాని పేరు ఐబీరియోటాక్సిన్. రెంటిలోనూ సరిగ్గా 37 పూసలే!

ఈ రెంటిలో ఒక వింత వున్నది. నరాల్లోనూ రక్తనాళాల కండరాల్లోనూ వుండే మాక్సీ-కె అనే పెద్ద తలుపును రెండూ మూస్తవి. కాని రక్తంలోని కొన్ని తెల్లకణాల్లో కెవి 1.3 అనే మరొక పొటాషియం తలుపున్నది. ఎడారి తేలు దండ దాన్ని కూడా మూస్తుంది. మన ఎర్ర తేలు దండ దాని జోలికే పోదు. ఎందుచేత?

రెండు దండలనూ పక్కపక్కన పరిచి చూడటమే దీనికి మొదటి మెట్టు. శాస్త్రజ్ఞులు ఒక్కొక్క పూసకు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం గుర్తుగా పెట్టుకున్నారు. ఈ ఏర్పాటు చేసినది అమెరికాకు చెందిన మార్గరెట్ డేహాఫ్. ఆనాటి కంప్యూటర్లకు చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద సమాచారం అందించవలసి వచ్చేది. మూడేసి అక్షరాల పేర్లకు చోటు చాలక, ఆమె ఒక్కొక్క అక్షరానికి దించింది. అప్పటికి తెలిసిన 65 ప్రొటీనులను 1965లో ఆమె తన తోటివారితో కలిసి ఒక పుస్తకంగా అచ్చువేయించింది. జీవుల సమాచారాన్ని కంప్యూటరుతో పోల్చి చూసే ఈ విద్యనే ఇప్పుడు బయోఇన్‌ఫర్మాటిక్స్ అంటున్నారు. ఆనాడు ఒక్క పుస్తకంలో ఇమిడినవి ఈనాడు కోట్లకు చేరినవి.

పోల్చటంలో ఒక కిటుకున్నది. "కమలము", "కలము" అన్న మాటలను ఒకదాని కింద ఒకటి రాయండి. మొదటి "క" తప్ప ఏదీ కలవదు. కాని రెండో మాటలో "క" తరవాత ఒక ఖాళీ వదిలితే "ల", "ము" కూడా కలిసిపోతవి. ఎక్కడెక్కడ ఖాళీ వదిలితే ఎక్కువ అక్షరాలు కలుస్తవో తేల్చే లెక్కను 1970లో నీడిల్‌మన్, వున్ష్ అనే ఇద్దరు చెప్పారు. కంప్యూటరు ఈ లెక్కను రెప్పపాటులో చేసేస్తుంది.

అదృష్టవశాత్తూ మన రెండు దండలకు ఖాళీలతో పని లేదు. 25వ పూస నుంచి 33వ పూస దాకా చూడండి:

ఎడారి తేలు: ఆర్ – జి – కె – సి – ఎమ్ – ఎన్ – కె – కె – సి
ఎర్ర తేలు: ఆర్ – జి – కె – సి – ఎమ్ – జి – కె – కె – సి

తేడా పట్టుకున్నారా? ఒక్కటే! 30వ పూస ఎడారి తేలులో ఎన్, అంటే ఆస్పరజీన్; ఎర్ర తేలులో జి, అంటే గ్లైసీన్. అన్ని పూసలలోకీ చిన్నది గ్లైసీన్. మొత్తం దండ చూస్తే 37లో 25 పూసలు కలుస్తవి, 12 కలవవు.

కలిసిన పూసలు ఒక సంగతి చెబుతవి. సి అంటే సిస్టీన్. రెండు దండల్లోనూ ఆరు సిస్టీనులు ఆరు ఒకే చోట్ల వున్నవి. ఇవి రెండేసి చొప్పున చేతులు పట్టుకుని మూడు గంధకపు ముడులు వేస్తవి. అందుకే ఇంత పొట్టి దండ అయినా గట్టిగా వుండగా చుట్టుకుని నిలుస్తుంది. ముడులు ఒకే చోట పడితే ఆకారం కూడా ఒకటే అయివుండాలని వూహించవచ్చు. ఆ వూహ నిజమే అయింది. 27వ పూస కూడా రెంటిలోనూ కె, అంటే లైసీన్. దానికి పొటాషియానికి వున్నట్టే ధన విద్యుత్తున్నది. ఈ పూసే తలుపు సందులో దూరి అడ్డుపడుతుందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. 2013లో, పొటాషియం తలుపు ఆకారం కనుక్కుని నోబెల్ బహుమతి పొందిన మాకినన్ బృందం, దండ తలుపుకు పట్టుకుని వుండగా ఎక్స్‌కిరణాలతో దాని చిత్రం తీసింది. 27వ పూస చెయ్యి సరిగ్గా సందులోనే వున్నది.

కలవని పూసల సంగతి వేరు. పన్నెండు తేడాల్లో అసలు దోషి ఎవరు? కాగితం మీద చూసి ఎవరినైనా అనుమానించవచ్చు గాని, శిక్ష వేసే ముందు విచారణ జరగాలి. 2002లో కొందరు శాస్త్రజ్ఞులు ఐబీరియోటాక్సిన్‌లో 30వ పూస ఒక్కటే మార్చి, గ్లైసీన్ బదులు ఆస్పరజీన్ పెట్టారు. అంతవరకూ కెవి 1.3 తలుపు ముఖం చూడని దండ దాన్ని పట్టుకోసాగింది! ఎడారి తేలు దండలో దీనికి తలకిందులుగా చేశారు. అది ఆ తలుపు మీద పట్టు కోల్పోయింది. మరుసటి సంవత్సరం మరి ఇద్దరు కంప్యూటరులోనే తలుపుల నమూనాలు కట్టి, దండలను వాటిమీద కూచోబెట్టి, 30వ పూస ఎక్కడ తగులుతుందో చూశారు.

ఒక్క తలుపునే ఎంచుకుని మూసే గుణం వల్ల ఐబీరియోటాక్సిన్‌కు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో గిరాకీ వున్నది. రక్తనాళం బిగుసుకోవటంలో మాక్సీ-కె పాత్ర ఎంతో తెలుసుకోవాలంటే, ఈ దండను చిటికెడులో వెయ్యో వంతు వేసి ఆ తలుపు ఒక్కదాన్నే మూసి చూస్తారు. ఈ పని కోసం తేళ్లను పట్టుకోనక్కరలేదు. అక్షరాలు తెలుసు గనక దండను ప్రయోగశాలలోనే గుచ్చుకుంటారు.

ఈ పోలికలు తేళ్లతో ఆగలేదు. ఖారిబ్డోటాక్సిన్ ఆకారాన్ని 1991లో ఇతర ప్రొటీనులతో పోల్చినప్పుడు, ఈగ వంటి కీటకాల ఒంట్లో సూక్ష్మక్రిములను చంపే డిఫెన్సిన్ అనే ప్రొటీను కూడా అదే మూసలో పోసినట్టు కనిపించింది. ఒకటి ప్రాణం తీసే ఆయుధం, ఒకటి ప్రాణం కాపాడే మందు! 2014లో కొందరు ఒక కీటకపు డిఫెన్సిన్ తీసుకుని, దండలో ఒక చిన్న మెలికను తుంచివేసి చూశారు. క్రిములను చంపే ఆ మందు పొటాషియం తలుపుకు బిరడా బిగించటం మొదలుపెట్టింది.